కుడి వెనక చక్రం

నమోదు 1
రెండో గేటు దాటాక

పొద్దున్నే ఎల్లేశం బండి ఎక్కాను. ఎక్కడమంటే, మా బండి దాని పక్కకు వెళ్లి, రెండు తలుపుల మధ్య పలక వేసి, కింద రోడ్డు పరుగెత్తుతుంటే అటు దాటడం. యాభై దాటినదాన్ని, మోకాళ్లు నా మాట వినడం మానేసి చాలా కాలమైంది. అయినా చక్రాల మోత విని రోగం చెప్పే చెవి మనిషిని నేనే కాబట్టి దాటక తప్పదు.

ఎల్లేశం బండి పాత సిటీ బస్సు. ఇరవై నాలుగు సీట్లు పీకేసి, వాటి చోట పొయ్యి, పిల్లల ఉయ్యాల, గుండీల మూటలు పెట్టుకున్నారు. నగరంవాళ్ల చొక్కాలకు గుండీలు కుట్టడం మా పని. గేటు దగ్గర పైనుంచి మూటలు పడతాయి, తర్వాతి చుట్టులో మళ్లీ అదే గేటు దగ్గర కుట్టినవి కొక్కేనికి తగిలిస్తాం. నీళ్లూ జొన్నలూ దానికి బదులుగా వస్తాయి. ఒక చుట్టు తిరగడానికి ఒక పగలూ ఒక రాత్రీ పడుతుంది.

ఈ రికార్డు చదవబోయే చెవి మనిషికి ఇవన్నీ తెలిసినవే. తెలిసినవని నా ముందువాడు ఏదీ రాయలేదు, దానికి నేను నానా అవస్థలూ పడ్డాను. అందుకని రాస్తాను. విసుగొస్తే పేజీ తిప్పు.

నగరం గోడ కట్టుకున్నప్పుడు బయట మిగిలినవాళ్లను ఏం చేయాలో పెద్దలకు తోచలేదు. కదిలే బండిని వలయం రోడ్డు మీద ఎవరూ ఆపకూడదని ఒక చట్టం చేసి చేతులు దులుపుకున్నారు. ఆగిన బండిని ఏం చేయాలో కూడా అదే చట్టంలో ఉంది. ఆ పని చేసే యంత్రం మా బండ్ల బారు వెనకే వస్తుంది. దానికేదో పెద్ద పేరుంది, మేం చీపురు అంటాం. మా రోడ్డు ఎత్తయిన కట్ట మీద ఉంది, ఆగిన బండిని అక్కణ్ణుంచి కిందికి తోసేస్తుంది. లోపల ఎవరున్నారని చూడదు. దిగి పరుగెత్తినవాళ్లనూ వదలదు, రోడ్డు నడిచేవాళ్లది కాదని. పోనీ పక్క బండిలోకి దూకుదామంటే, గేటు దగ్గర తూకం పట్టీ ఉంటుంది. లెక్కకు మించి ఒక్క మనిషి బరువు పెరిగినా ఆ బండికి నడిచేందుకు కావాల్సిన కరెంటు రోడ్డులోంచి ఇవ్వదు. అప్పుడు అదీ ఆగుతుంది. అందుకే మా బారులో తలుపులకు గొళ్లేలు లోపలివైపే ఉంటాయి.

ఎల్లేశం బండిలో వెనక చక్రం మీది రేకుకు ఇనుప చువ్వ ఒక కొస ఆనించి, రెండో కొస పళ్ల మధ్య పట్టుకున్నాను. బండి నిండా పిల్లల ఏడుపులూ గిన్నెల మోతా ఉంటే చెవులు మోసపోతాయి. పళ్లు మోసపోవు. దూరాన పిండిమర నడుస్తున్నట్టు ఒక గుర్రు వినిపించింది. వేగం పెరిగితే పెరుగుతోంది. వంపు రాగానే మరీ పెరిగింది.

మా రోడ్డు నగరం చుట్టూ తిరుగుతుంది, నగరం ఎప్పుడూ కుడి చేతివైపే. ఎప్పుడూ కుడికే తిరుగుతాం కాబట్టి బరువంతా ఎడమ చక్రాల మీద పడుతుంది. మా బారులో అరిగేవి ఎడమ బేరింగులే. వంపులో మోత పెరిగితే బేరింగు, పెరగకపోతే టైరు, దానితో భయం లేదు. నా గురువు నాకు నేర్పింది ఇంతే. ఇన్నేళ్లూ ఇది చాలింది.

"ఏమన్న ఉన్నదా అక్కా?" అన్నాడు ఎల్లేశం, స్టీరింగ్ వదలకుండా మెడ తిప్పి.

"ఎడమ ఎన్కది. బేరింగు."

"ఎన్ని చుట్లు ఆగుతది?"

"రెండు చుట్లు ఆగుతది. మూడోదానికి నన్నడగకు."

అతని మొహం వాడిపోయింది. బారు పెద్ద పెంటయ్యకు రేడియోలో చెప్పాను. మాకు బండ్లను మోసే మోత లారీ ఒక్కటే ఉంది. అది పరుగెత్తుతూనే వెనక పలక దించుతుంది, అరిగిన బండి దాని మీదికెక్కుతుంది, మళ్లీ దిగేలోపు బేరింగు మారుస్తారు. ఎంత తొందరగా చేసినా దాదాపు ఒక చుట్టు పడుతుంది, అంతకు మించి ఒకే బండిని మోస్తే గేటు లారీకీ కరెంటు ఇవ్వదు. ఇప్పుడు దాని మీద నీళ్ల ట్యాంకరు ఉంది. దాని తర్వాతి వంతు ఎల్లేశానిదని పెంటయ్య ఖాయం చేశాడు.

ఎల్లేశం భార్య కౌసల్య జొన్న రొట్టె తెచ్చి ఇచ్చింది. "గా సువ్వ నోట్లకెల్లి తియ్యి వదినె. ఇనుము నమిలినంక రొట్టె ఏం రుచి ఉంటది?" అంది. వేడి రొట్టె, బాగుంది. వీళ్లు మంచివాళ్లు, కానీ మరీ ఎక్కువ మాట్లాడతారు.


నమోదు 2
మూడో గేటు ముందు, మధ్యాహ్నం

నా కొడుకు శ్రీశైలం కబురు పెట్టాడు. వాడు వేరే బండి నడుపుతాడు, భార్య స్వరూపా, ఆమె తమ్ముడూ, వాళ్లవాళ్లూ అందులోనే ఉంటారు. స్వరూపకు నెలలు నిండాయి. బండి మూలుగుతోందని వాడి కంగారు. బండి మూలిగితే కంగారుపడే మనిషిని నేను ఇంతవరకు చూడలేదనుకున్నావా, మా బారులో అందరూ ఆ రకమే. దగ్గినా చక్రమేమో అనుకుంటారు.

వాడికి వినడం నేనే నేర్పాను. రెండో చెవి మనిషిగా పెంటయ్య ఒప్పుకున్నాడు కూడా. అయినా సొంత బండిని సొంత పళ్లతో వినకూడదు, భయం కలుస్తుందని మా ఆచారం. అందుకే నన్ను పిలిచాడు.

వెనకవైపు ఎడమ రేకు మీద చువ్వ పెట్టాను. మోత ఉన్న మాట నిజమే. కానీ వంపు రాగానే తగ్గింది. పెరగడం కాదు, తగ్గింది. వంపు అయిపోయాక మళ్లీ మొదలైంది. ఇంకొక వంపు చూశాను, అంతే.

"టైరే," అన్నాను.

స్వరూప కడుపు మీద చేయి పెట్టుకుని కూర్చుంది. "అత్తమ్మా, మొన్న ముంగట మూట పడ్తే ఆయన ఎడమకు కొట్టిండు. అప్పుడు కుడి దిక్కు బండి గట్టిగ మొత్తుకున్నది," అంది.

"కడుపుతోని ఉన్నప్పుడు అన్నీ ఇనొస్తయ్. నా పండ్ల కన్న నీ చెవులు ఎక్కువనా?" అన్నాను. ఆ పిల్ల తలవంచుకుంది. శ్రీశైలాన్ని కూడా తిట్టాను, బారులో ఉండి ఎడమకు కొట్టడం ఏమిటని. ఎడమన కట్ట అంచు, అటు తిరిగే పనే లేదు మాకు. పిల్లలకు కూడా మొదట నేర్పే మాట అదే.

మా బారులో ఇంకొక ఆచారం ఉంది. బండి బాగానే ఉందని ఏ చెవి మనిషి చెబితే, ఆ చెవి మనిషే అందులో ఒక చుట్టు తిరగాలి. చెప్పినోళ్లే ఎక్కాలె అంటారు. ముడుపులు తిని అబద్ధాలు చెప్పిన చెవి మనుషులు పూర్వం ఉండేవారట. ఈ ఆచారం వచ్చాక అలాంటివాళ్లు తొందరగా తగ్గిపోయారు.

నాకు ఇదే కావాలి. పురుడు వచ్చే వేళకు అత్తగా పక్కనుంటాను. చువ్వను గోడకు తగిలించి, మూలనున్న గుండీల బుట్ట ముందేసుకున్నాను.


నమోదు 3
మూడో గేటు దాటాక, సాయంత్రం

కడుపులో పెరిగిన బిడ్డ బరువూ, నేనెక్కిన బరువూ లెక్కలోకి వస్తాయి. గేటు తూకానికి పుట్టినవాళ్లు, చచ్చినవాళ్లు అని తేడా లేదు, బరువే. అందుకని ఇవాళంతా బండిలోంచి ఏం పారేయాలా అని వాదులాట. ఇనుప మంచం పోయింది. పెద్ద గుండిగ పోయింది. స్వరూప తమ్ముడు తన డోలు తానే కిటికీలోంచి వదిలాడు. మా వెనక చీపురు వాటన్నిటినీ శుభ్రంగా కిందికి తోసింది.

నన్ను చూసి శ్రీశైలం నవ్వాడు. "నువ్వెక్కినందుకు గుండిగ పోయిందమ్మా."

"నేను పుట్టినప్పుడు మా అమ్మ బండి పొయ్యినే పారేసిందట. నీ గుండిగ ఏపాటి?" అన్నాను.

చీకటి పడేముందు రేడియోలో నగరంవాళ్ల ప్రకటన వచ్చింది. రెండో గేటు ముందు వంతెన మరమ్మతులట. బారును పాత చెరువు కట్ట మీదుగా మళ్లిస్తారట. పొద్దున్నకల్లా అక్కడికి చేరతాం. నా జన్మలో దారి మళ్లించడం ఇదే మొదలు. పిల్లలు కొత్త చోటు చూస్తామని సంబరపడ్డారు.


నమోదు 4
చెరువు కట్ట మీద, ఉదయం

అక్షరాలు సరిగా రావడం లేదు.

చెరువు కట్ట ఎడమకు తిరిగింది. పుట్టి బుద్ధెరిగాక ఎడమకు తిరిగే రోడ్డు నేను చూడలేదు. పిల్లలు అటు ఒరగాల్సినవాళ్లు ఇటు ఒరిగి కేరింతలు కొట్టారు. అదే క్షణంలో బండి అరిచింది. గుర్రు కాదు, అరుపు. కుడి వెనక వైపునుంచి, సీటు కిందినుంచి, నా నడుములోకి.

చువ్వ అందుకుని కుడి రేకు మీద పెట్టాను. పళ్లు కదిలిపోయాయి. నోట్లోంచి చువ్వ జారిపోయింది.

కట్ట మళ్లీ కుడికి తిరగగానే మోత తగ్గింది. నిన్న వంపులో తగ్గినట్టే.

నా గురువు చెప్పింది గుండ్రటి రోడ్డుకు సరిపోయే మాట. ఎప్పుడూ కుడికే తిరిగేవాళ్లం, బరువెప్పుడూ ఎడమకే. కుడి బేరింగు అరిగితే వంపులో దాని మీద బరువు తగ్గుతుంది, అందుకే అది నోరు మూసుకుంటుంది. మేం దాన్ని టైరు అనేసి పక్కనపెడతాం. ఎన్ని బండ్లను ఇలా అన్నానో ఇప్పుడు తలుచుకునే తీరిక లేదు. స్వరూప చెప్పనే చెప్పింది, కుడి దిక్కు మొత్తుకుందని. నేను కడుపు వంక పెట్టి నోరు మూయించాను.

అడుగు రేకులో ఉన్న కన్నంలోంచి చక్రం మీదికి చెంబుతో నీళ్లు పోశాను. చుయ్‌మని ఆవిరి మొహానికి కొట్టింది. ఇది పొద్దు గూకేదాకా ఆగదు.

పెంటయ్యను రేడియోలో పిలిచాను. "నా కొడుకు బండిది బేరింగు. కుడి ఎన్కది. ట్యాంకరు దిగంగనే లారీ దీనికియ్యాలె."

"కుడిదా?" అని నవ్వాడు పెంటయ్య. తర్వాత నవ్వు ఆపాడు. "సరే, నువ్వంటున్నవ్ గాబట్టి నమ్ముత. ఎల్లేశం తర్వాత పెడ్త."

"ఎల్లేశం తర్వాతంటే రేపు పొద్దుగాల. గంత సేపు ఆగదిది."

"వరుస వరుసనే, బాలమణీ. ఎల్లేశంను నీ నోటితోనే ముంగట వెట్టినవ్. ఆయన ఇస్తనంటె నాకేం అడ్డం లేదు."

శ్రీశైలం అద్దంలోంచి నన్నే చూస్తున్నాడు. వాడికి అంతా వినిపించింది. స్వరూప గుండీ దారం పళ్లతో తెంపింది. "చెప్పాను కదా" అని ఒక్క మాట అన్నా నాకు కొంత బాగుండేది.


నమోదు 5
ఎల్లేశం బండి, మధ్యాహ్నం

పలక వేయించుకుని ఎల్లేశం బండికి వచ్చి, నా కొడుక్కు వంతు ఇమ్మని అడిగాను.

"అక్కా, నీకు తెల్వందేమున్నది? రెండు చుట్లే ఆగుతదంటివి. ఒకటి అయిపాయె. గీ పోరగాండ్లను ఏం జెయ్యమంటవ్?" అన్నాడు. రోడ్డు మీదినుంచి కళ్లు తీయకుండా, "కాదన్నందుకు ఏమనుకోకక్కా," అన్నాడు.

నన్ను తిట్టి పంపినా సులువుగా ఉండేది. కౌసల్య ఏడుస్తూ నా చేయి పట్టుకుంది, స్వరూప పేరు చెప్పి. ఆమె నలుగురు పిల్లలు మూటల మీద కూర్చుని గుండీలు రంగులవారీగా ఏరుతున్నారు. ఎల్లేశం తల్లి మూలన పడుకుని ఉంది.

నేను వెళ్లిపోవాల్సింది. పలక దగ్గరిదాకా వెళ్లి వెనక్కి తిరిగాను.

"నిలు. ఇంకోపాలి ఇననియ్యి," అన్నాను.

ఎడమ రేకు మీద చువ్వ పెట్టి నోట్లో పెట్టుకున్నాను. బేరింగు నిన్నటికన్నా బలంగా గుర్రుమంటోంది. వంపు వచ్చింది. దవడ ఎముక దాకా పాకింది. బండిలోని వాళ్లందరూ పని ఆపి నా మొహం వంకే చూస్తున్నారు. చువ్వ తీసి కొంగుతో తుడిచాను.

"టైరే, ఎల్లేశం. నిన్న నాకు పన్ను నొప్పి ఉండె. తప్పు ఇన్న."

కౌసల్య రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఎల్లేశం స్టీరింగ్ మీద తల ఆనించబోయి, రోడ్డు గుర్తొచ్చి మళ్లీ లేపాడు. ముసలామె మూలనుంచే దండం పెట్టింది. పిల్లలు అరుపులు. ఎల్లేశం రేడియో తీసి తానే పెంటయ్యకు చెప్పాడు, నా వంతు శ్రీశైలానికిచ్చిన, బాలమణక్క మా పానం నిలబెట్టింది అని.

పెంటయ్య నన్ను అడిగాడు. "నిన్న బేరింగంటివి గద?"

"నిన్న తప్పు ఇన్న."

"కొడుకు కోసం గాదు గదా?"

"టైరన్నంక నేనే ఈ బండిల తిరగాలె గద. ఇంకేం గావాలె నీకు?"

లారీ శ్రీశైలానికే అని చెప్పి పెంటయ్య రేడియో పెట్టేశాడు. నా ప్రాణం పెట్టి చెబుతున్నానని నమ్మారు. ఆచారం ఎంత గట్టిదైతే దాని వెనక అంత బాగా దాక్కోవచ్చు, ఇది నాకు ఇవాళే తెలిసింది.

నా ఆలోచన ఒకటుంది, రాస్తాను. బేరింగు రెండు చుట్లు ఆగుతుందని చెప్పినప్పుడు కొంచెం చేతిలో ఉంచుకునే చెప్పాను. చెవి మనుషులందరూ అంతే. రేపు పొద్దున్న శ్రీశైలం బండి లారీ దిగుతుంది. దిగిన మరుక్షణం ఎల్లేశం బండిది బేరింగే అని చెబుతాను. తిట్లు తింటాను, చెవి పని పోతుంది, పోనీ. రెండు బండ్లూ మిగులుతాయి.

కౌసల్య నాకు ఎడమ కిటికీ దగ్గర చోటిచ్చింది, చక్రం మీది సీటు, గాలి బాగా వస్తుందని. పిరుదుల కింద గుర్రు. భయం పోయింది కదా అని, నా బరువు కలిపినా గేటు లెక్క దాటదని చూసుకుని ఎల్లేశం ఇంకో రెండు మూటలు ఎక్కించుకున్నాడు, నిన్న బరువు తగ్గించడానికి పక్క బండికిచ్చినవి. వాటిని ఎడమవైపు పేర్చారు.

"కుడి దిక్కు పెట్టరాదూ," అన్నాను.

"టైరుకు ఏ దిక్కయితేంది వదినె?" అని నవ్వింది కౌసల్య.


నమోదు 6
లారీ నుంచి కబురు, మరునాడు తెల్లవారాక

శ్రీశైలం చేతి రేడియోలో పిలిచాడు. బేరింగు విప్పారట. గుండ్లు గుంటలు పడి, రింగు నీలంగా కాలిపోయి ఉందట.

"ఇంకో గంట నడిస్తే చక్రం ఊడుతుండె అమ్మా." గొంతు తగ్గించాడు. "ఎల్లేశం మామ బండి ఎట్లున్నది?"

"నీ పని నువ్వు చూసుకో."

"నేను అడిగేది..."

"స్వరూపకెట్లున్నది?"

నొప్పులు మొదలయ్యాయట. వాడి వెనక ఆమె మూలుగు వినిపించింది. లారీ మీద ఉన్నంతసేపే మా బండ్ల చక్రాలు తిరగకుండా ఉంటాయి. ఆ పిల్ల అదృష్టం, అదురులు లేకుండా కంటుంది. నాకు శ్రీశైలం పుట్టింది గుంతల రోడ్డు మీద.

ఇక్కడ మోత బాగా పెరిగింది. చువ్వ అక్కర్లేదు. పిల్లలు దాన్ని అనుకరిస్తూ ఆడుకుంటున్నారు. ఎల్లేశం, "ఇయ్యాల టైరు మస్తు పాడుతున్నది," అంటాడు. నా మాట మీద వాళ్లకున్న నమ్మకం చూస్తే నాకు వాళ్ల మీదే కోపం వస్తోంది. కొంచెం అనుమానించండి, ఒక్కసారి నన్ను నిలదీయండి. అడగరు. కౌసల్య నా జడ విప్పి నూనె రాసి మళ్లీ అల్లింది.

పొద్దు కొంచెం ఎక్కాక శ్రీశైలం బండి లారీ దిగింది. వెంటనే బండి వెనక భాగానికి వెళ్లి, ఎవరికీ వినిపించకుండా చేతి రేడియోలో పెంటయ్యను పిలిచాను.

"ఎల్లేశం బండిది బేరింగే. లారీ పంపు."

"మొదలు బేరింగంటివి. తర్వాత టైరంటివి. మల్ల బేరింగంటున్నవ్. నీ పండ్లు రాలినయా, బాలమణీ?"

"నా పండ్లకేం గాలె. నేనే అబద్ధమాడిన."

"అబద్ధమయితే దొంగ వంతు. నీ కొడుకు బండికేసిన బేరింగు ఇప్పి వీళ్లకెయ్యాలె."

"అదెందుకు ఇప్పాలె? ఇంకోటి ఎయ్యి."

"గా కొలతది ఇంకోటి లేదు. అదే ఆఖరిది. మల్ల వచ్చేది గేటోళ్లు ఎప్పుడిస్తె అప్పుడు."

"నాకెందుకు జెప్పలే?"

"నువ్వు అడిగినవా?"

అడగలేదు. వంతు కోసం పోరాడాను, వస్తువు ఉందా అని అడగలేదు. ఎప్పుడూ ఉండేది కాబట్టి.

పెంటయ్య గొంతులో కోపం లేదు, అదే భయం వేసింది. "నీ ఒక్కదాని నోటి మీద నేను ఇంక ఏ బండిని ఇప్పను. నీ కొడుక్కు ఇనుడు వచ్చు. ఆయననే వచ్చి ఇననియ్యి. బేరింగంటె ఆయన బండికేసింది ఇప్పి వీళ్లకేస్త. టైరంటె టైరు. అన్నోడు ఎక్కాలె, తెల్సు గద."

"పెంటన్నా, వాడొద్దు. వాని పెండ్లాం..."

"రెండో చెవి ఇంకెవరున్నరు మనకు?" అని రేడియో ఆపేశాడు.


నమోదు 7
ఎల్లేశం బండి

శ్రీశైలం బండి పక్కకు వచ్చింది. స్టీరింగ్ స్వరూప తమ్ముడు పట్టుకున్నాడు. శ్రీశైలం తలుపు మెట్టు మీద నిలబడ్డాడు. పెంటయ్య వాడికి ఏం చెప్పాలో అంతా చెప్పి ఉంటాడు, వాడి మొహంలో తెలుస్తోంది.

బేరింగు అంటే వాడి చక్రం విప్పుతారు, వాడూ స్వరూపా బిడ్డా ఆ బండిలోని అందరూ చీపురు పాలు. టైరు అంటే వాళ్లు మిగులుతారు, వాడొక్కడు ఈ బండిలోకి వస్తాడు. కిటికీలోంచి చేయి బయటపెట్టి పొమ్మని ఊపాను. వినకుండానే పో, దూరం పో, నీకు వినబడలేదని చెప్పు. గట్టిగా ఊపాను. కౌసల్య చిన్న కూతురు నేను ఆడుతున్నాననుకుని తానూ చేయి బయటపెట్టి ఊపింది.

వాడు చువ్వ కూడా తీయలేదు. ఈ మోతకు చువ్వ దేనికి? కళ్లు మూసుకుని ఒక వంపు మొత్తం విన్నాడు. బేరింగు అరుస్తోంది, చెవిటివాడికి కూడా తెలుస్తుంది. కళ్లు తెరిచి నా వంక చూశాడు. చిన్నప్పుడు నేను పరీక్ష పెట్టినప్పుడు, జవాబు తెలిసి కూడా చెప్పడానికి ముందు ఇలాగే చూసేవాడు.

రేడియో నోటి దగ్గర పెట్టుకున్నాడు. బారంతా వినే రేడియో.

"టైరే, పెంటన్నా."

ఎల్లేశం హారన్ మోగించాడు. "ఇద్దరు చెవోళ్లు జెప్పిరి! ఇంకేం గావాలె!" అని వెనక్కి తిరిగి అరిచాడు. శ్రీశైలం పలక వేసి, ఒకసారి తన బండిలోకి చూసి, దాటి వచ్చేశాడు. స్వరూప తమ్ముడు పలక వెనక్కి లాగాడు. ఆ బండి ముందుకు సాగిపోయింది. చక్రాల్లో చిన్న మోత కూడా లేదు.

వాడు వచ్చి నా పక్కన కూర్చున్నాడు. కొట్టాను. భుజం మీద, వీపు మీద, చేతికందినచోటల్లా. వాడు కదలలేదు.

"ఎందుకొచ్చినవ్ రా?"

"అన్నోడే ఎక్కాలె గదమ్మా," అన్నాడు. గొంతు తగ్గించి, "చెప్దమా వీళ్లకు?" అన్నాడు.

చెబితే ఎల్లేశం రేడియో తీస్తాడు. తీయకుండా ఎలా ఉంటాడు, నేను మాత్రం తీయనా? అప్పుడు ఆ బండి చక్రం విప్పుతారు. నేను తల అడ్డంగా ఊపాను. వాడు కూడా ఊపాడు. ఇద్దరం ఒకేలా ఊపాం, తల్లీకొడుకులం. ఈ బండిలో పిల్లలు నలుగురు, ముసలామె, నాకు నూనె రాసిన కౌసల్య. అందరినీ చూస్తూనే ఊపాను. దీనికి నాకు క్షమాపణ లేదు, అడగను కూడా.

"అందరు కుడి దిక్కు కూసోండి," అన్నాను గట్టిగా. "ఇటు ఎండ కొడుతున్నది."

"ఎండ అటే ఉన్నది గద వదినె," అంది కౌసల్య. నిజమే, ఎండ అటే ఉంది. ఎవరూ కదలలేదు. శ్రీశైలం లేచి మూటలు కుడివైపుకు మార్చడం మొదలుపెట్టాడు. ఎల్లేశం అద్దంలో చూసి, "వచ్చిన సుట్టం పని జేస్తుండు, సిగ్గు లేదా మీకు?" అని పిల్లలను గద్దించాడు. పిల్లలు పరుగెత్తుకెళ్లి వాడి చేతిలోని మూట లాక్కుని మళ్లీ ఎడమకే తెచ్చిపెట్టారు.

వాడు చతికిలబడి నా చేయి పట్టుకున్నాడు. అప్పుడు చెప్పాడు. "ఆడపిల్లమ్మా. లారీ దిగే ముంగటనే పుట్టింది. నీ లెక్కనే మొత్తుకుంటది."

"ఎత్తుకున్నవా?"

"ఎత్తుకున్న."

అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా ఆగలేదు. కౌసల్య పొయ్యి దగ్గరినుంచి లేచి వచ్చింది.

"ఏమైంది వదినె, ఎందుకేడుస్తున్నవ్?"

"మనుమరాలు పుట్టింది," అన్నాను.

ఆమె బండంతా దద్దరిల్లేలా కేక వేసింది. ముసలామెను లేపి కూర్చోబెట్టింది. పెళ్లికో పండక్కో దాచుకున్న బెల్లం గడ్డ ఏ మూలనుంచో తీసి, గుడ్డ విప్పి, రోకలితో పగలగొట్టింది. మొదటి ముక్క నా నోట్లో పెట్టింది, రెండోది శ్రీశైలం నోట్లో. ఇది రాస్తుంటే బండి వంపులోకి తిరుగుతోంది. పెద్ద వంపు. అందరం ఎడమకు ఒరిగాం. పిల్లలు చేతులు చాపి వరుసలో నిలబడ్డారు, కౌసల్య ఒక్కొక్కరికీ ఒక్కో ముక్క పెడుతోంది, చిన్నదానికి రెండు.